ఛాతీలో బడి

గొట్టం తీసేశారు. నర్సు అముద తలుపు సందులోంచి మొహం బయటపెట్టి ఆ ఒక్క మాట చెప్పి మళ్లీ లోపలికి పోయింది. తలుపుకి మనిషి మొహమంత గాజు బిళ్ల ఉంది. దానికి నుదురు ఆనించి నిలబడితే మా ఇంటిది హొన్నమ్మ కాళ్లు కనిపిస్తాయి, పచ్చ దుప్పటి కింద. ఇంకొంచెం పక్కకు ఒరిగితే చెయ్యి, చేతికి అంటించిన తెల్లపట్టీ. మొహం మాత్రం కనిపించదు, అక్కడ డాక్టరు సదాశివం వీపు అడ్డం. ఒక గంట చూడాలన్నాడు ఆయన. ఈ గంటలో తన ఊపిరి తాను తీసుకుంటే సరే, లేకపోతే మళ్లీ గొట్టమే, ఈసారి నోట్లోంచి కాదు, గొంతుకు ముందువైపు కోసి రంధ్రం పెట్టి అక్కడి నుంచి. ముందొకసారి తీసి చూస్తే నేను చెప్పులు విడిచి తలుపు దగ్గరకు వచ్చేలోపే మళ్లీ పెట్టాల్సి వచ్చింది. ఇది రెండోసారి. మూడోసారి ఉండదు. మాట వస్తుందా అని అడిగాను, నేను అడిగింది అంతే. ఆ రంధ్రం ఉన్నన్నాళ్లు రాదు తాతా, ఈ వయసులో కొందరికి అది అలాగే ఉండిపోతుంది కూడా, అన్నాడు తమిళంలో, నా వైపు చూడకుండా, చేతులకు తొడుగులు వేసుకుంటూ.

మంచు ఆరే పొద్దు ఇది. కిటికీలోంచి పడిన ఎండ వరండా గచ్చు మీద సగం దాకా వచ్చింది, అంటే సోగత్తూరు అవతల కోతైన రాగి చేలో మా దొడ్డి వల ఎత్తే వేళ. తడి గడ్డి మేస్తే గొర్రె కడుపులో పురుగు పడుతుంది, అందుకని గడ్డి ఆరేదాకా వాటిని వల లోపలే ఆపి, ఆరిందో లేదో వట్టి పాదంతో తడిమి చూసి అప్పుడు వదులుతాం. వదలగానే తలా ఒక దిక్కు పట్టాలని చూస్తాయి. అప్పుడు హొన్నమ్మ పిలుస్తుంది. హో… బా… బా… అని ఎత్తుకొని ఆ చివరి బా ను సాగదీస్తూ, ఎక్కడా తెంచకుండా, గట్టు దాకా నడిచిపోతుంది. ఒక్క ఊపిరి. అంత పొడుగు పిలుపు మా వాళ్లలో ఇంకెవరికీ లేదు. పక్క మందల వాళ్లు కర్ర మీద గడ్డం ఆనించి వినేవాళ్లు, వాళ్ల గొర్రెలు మాత్రం తల ఎత్తేవి కావు. మావే తిరుగుతాయి, ఒక్కొక్కటే, ఎవరో తాడు కట్టి లాగినట్టు. ఈ పొద్దు పిలిచేది కొడుకు తిరుమలేశ్. కట్టడాల పని మానుకొని వచ్చి మంద చూస్తున్నాడు వాడు. వాడి పిలుపుకి అవి రావు, కుక్క కరియ తోలితేనే. అమ్మ గొంతు ఫోనులో పట్టిపెట్టుకొని ఉండాల్సింది నాయనా, అన్నాడు నిన్న. నేనేమీ అనలేదు.

ఏమీ అనకపోవడం నాకు కొత్త కాదు. రేషను కొట్టు దగ్గర, బస్సులో, పెళ్లిళ్లలో, పొలం వాళ్లతో మంద ఎక్కడ ఆపాలో బేరం చేసేటప్పుడు మాట్లాడింది హొన్నమ్మే. నేను ఆమె వెనక కర్ర పట్టుకొని నిలబడేవాణ్ణి. "మీ ఆయనకు నోరు లేదామ్మా" అని ఒక రైతు అడిగితే, "ఉండాది, నేనే వాడుకుంటాండాను, ఒక ఇంటికి రెండెందుకు" అనింది. వాళ్లు నవ్వినారు, నేనూ నవ్వినాను. ఆ నోరే ఇప్పుడు ఆ తలుపు అవతల ఉంది. రంధ్రం పెడితే పోయేది ఒక గొంతు కాదు. ఈ సంగతి డాక్టరుకి ఎట్లా చెప్పాలి, ఆయనకు చెప్పాలన్నా ఆమే కదా చెప్పాలి.

మూడేళ్లు బడికి పోయినాను నేను. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. మొదటి ఏడు అయ్యవారు పలక మీద బొమ్మ వేసి ఇదేమిటని అడిగితే గొర్రె అన్నాను. వెనక బల్ల నుంచి ముందు బల్ల దాకా నవ్వు. ఆయన కొట్టింది గట్టిగా కూడా కాదు, తమిళంలో గొర్రెను ఆడు అంటారు, చెవి మెలిపెట్టి ఆడు అను, ఆడు, ఆడు అనిపించినాడు. అప్పటి నుంచి ఏ మాట నోటికి వచ్చినా పెదాల లోపలే ఆపి వాసన చూసేవాణ్ణి, ఇది ఇంటిదా బయటిదా అని. వాసన చూసేలోపు అవతలి మనిషి వెళ్లిపోయేవాడు. మూడో ఏడు చివర మా నాయన మంద కాయమంటే సంతోషంగా పోయినాను, గొర్రెలకు ఏ బాసైనా ఒకటే. చదువు అబ్బలేదు కాని ఒకటి మాత్రం బాగా పట్టింది, ఎవరు మనవాళ్లో ఎవరు కాదో నోరు తెరవక ముందే తెలుసుకోవడం. డాక్టరు సదాశివం, మనిషి ఛాతీలో ఒక బడి ఉంటుందని చెప్పిన రోజు నాకు ఆ అయ్యవారే గుర్తొచ్చినాడు.

ఆపరేషను రోజు మాట అది. ఆకుపచ్చ టోపీతో బయటకు వచ్చి ఒక స్టీలు తట్ట నా ముందు పట్టినాడు. ఇంటివాళ్లకు చూపించాలట. తట్టలో పాలిపోయిన మెత్తటి కండ, రెండు రెక్కలున్నట్టు, ఒక రెక్కలో గట్టి గడ్డ. థైమస్ అన్నాడు. ఎముక వెనక, గుండె మీద, గొంతు కిందుగా ఉంటుంది తాతా. నేను తల ఆడించాను, ఎరిగినదాన్ని చూసినట్టే. ఎరుగుదును నిజంగా. పాలు తాగే గొర్రెపిల్లను కోసినప్పుడు రొమ్ము దగ్గర ఉంటుంది ఆ తెల్ల కండ, తల్లి పొదుగంత మెత్తన. మా నాయన దాన్ని పాలకండ అనేవాడు. పళ్లు ఊడిన మా అవ్వకు వేరుగా వేయించి పెట్టేవాళ్లు. పెద్ద గొర్రెను కోస్తే అక్కడ వట్టి కొవ్వే ఉంటుంది. ఎక్కడికి పోతుంది నాయనా అని అడిగితే, పని అయిపోయినాక పోతుందిరా అనేవాడు. ఏం పని అంటే ఆయనకూ తెలియదు.

ఆ పని ఏమిటో సదాశివం చెప్పినాడు, వరండాలో బల్ల మీద నా పక్కన కూర్చొని. ఆయన మంచివాడు, తొందర ఉన్నా కూర్చున్నాడు. మన రక్తంలో కాపలావాళ్లు ఉంటారు తాతా, బయటి నుంచి ఏ రోగం వచ్చినా వాళ్లే అడ్డం పడేది. చిన్నప్పుడు వాళ్లంతా ఈ బడిలోకి వస్తారు. ఇది నీ ఒళ్లు, ఇది నీది కాదు అని ఇక్కడ నేర్పిస్తారు. సొంత ఒంటినే కరిచేవాడు ఎవడైనా ఉంటే వాణ్ణి ఇక్కడే చంపేస్తారు, బయటకు వదలరు. ఎదిగేకొద్దీ బడి పని తగ్గుతుంది, కండ కరిగి కొవ్వవుతుంది. పాట్టికి, అంటే ఈ అవ్వకు, అట్లా కాలేదు. మూతపడాల్సిన బడిలో గడ్డ లేచింది, అక్కడ తప్పు పాఠం నేర్చుకున్నవాళ్లు బయటకు వచ్చినారు. వాళ్లకు ఆమె ఒళ్లే పరాయిది అయింది. మెదడు కదలమని చెప్పే మాట కండకు చేరే చోట తలుపు ఉంటుంది కదా, ఆ తలుపులు మూసేస్తున్నారు. అందుకే రెప్ప లేవదు, మింగుడు పడదు, చివరకు ఊపిరి.

అప్పుడైనా నోరు తెరిచి ఏమన్నా అడగాల్సింది. అడగకుండానే ఆయనే చెప్పినాడు, బడి తీసేశాం కాని చదువుకొని బయటపడినవాళ్లు ఇంకా రక్తంలో తిరుగుతూనే ఉంటారు, వాళ్లు తగ్గడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏళ్లు. అందాకా మందులు. రక్తంలో నీళ్లను తీసి వేరే నీళ్లు ఎక్కించడం కూడా చేసినారు. నెలలు అన్నాడు ఆయన, ఇక్కడ నాకు గంట గడవడం లేదు. ఎండ గచ్చు మీద ఇంకో పలక దాటలేదు. డాక్టరు వీపు కదిలింది. హొన్నమ్మ గడ్డం కనిపించింది, ముక్కు మీద గాలి తొడుగు, అంతలో మళ్లీ వీపు.

కుక్కల సంగతి కూడా ఇంతే కదా అనుకున్నాను ఆ రోజు. కళ్లు తెరిచీ తెరవని పిల్లను తెచ్చి గొర్రెపిల్లల నడుమ గంప కింద వేస్తాం. వాటి ఉన్ని మీదే పడుకుంటుంది, వాటి తల్లుల పాలే నాకుతుంది. ఇది నా వాసన అని ముక్కుకు పట్టాలి దానికి. ఆ పట్టే రోజులు కొన్నే, అవి దాటితే ఏం చేసినా పట్టదు. ఆ రోజుల్లో గొర్రెపిల్ల చెవి కొరికి రక్తం రుచి చూసిన కుక్కపిల్లను ఉంచం. మా నాయన దాన్ని కర్ర చివరతో పక్కకు తోసి, దీనికి రాదు అనేవాడు. కరియ తోడబుట్టినది ఒకటి అట్లాగే పోయింది. దాన్ని వద్దన్నది హొన్నమ్మే. ఉంచుకుందాం అని నా మనసులో ఉన్నా నేను అనలేదు, ఆమె నా మొహం చూసి, "జాలి పడితే పొట్టేలు ఉండదు మామా" అనింది. ఆమె అన్నదే సరి. అట్లా ఒకదాన్ని ఉంచిన మందను చూసినాను, పెన్నాగరం దోవలో. తోడేలు రాలేదు, చిరుత రాలేదు, కాపలా కుక్కే. పొద్దున లేచి చూస్తే పిల్లలన్నీ పడి ఉన్నాయి, అది వాటి నడుమనే తోక ఊపుతూ కూర్చుంది, బాగా కాచినాను కదా అన్నట్టు. దానికి తెలియదు తప్పు చేసినానని. హొన్నమ్మ రక్తంలో తిరిగేవాళ్లకూ తెలియదు. వాళ్లు కాపలా కాస్తున్నామనే అనుకుంటున్నారు.

మొదట రెప్ప వాలింది, ఎడమది. నిద్ర చాలలేదన్నాం. తర్వాత సాయంత్రమయ్యేసరికి ముద్ద నోట్లోనే ఉండిపోయేది, దవడను చేత్తో పైకి నెట్టుకుంటూ నమిలేది. నవ్వితే పెదాలు పైకి పోవు, పళ్లు బయటపడి కోపంగా ఉన్నట్టుండేది. కోడలు సరణ్య, "అత్తకు నా మీద ఏం కోపమో" అని ఏడ్చింది కూడా. "కోపం ఉంటే నోటితో చెప్పనా, దానికి మూతి తిప్పాల్నా" అని హొన్నమ్మ ఆ మూతితోనే చెప్పింది. పొద్దున కడత్తూరులో ఒక డాక్టరు దగ్గరకు పోతే పొద్దుటి మనిషి బాగానే ఉండేది, కళ్లు తెరిచి, ఆయనతో ఆయన పిల్లల చదువుల దాకా మాట్లాడి వచ్చేది. ఏం లేదు, బలానికి మాత్రలు. సాయంత్రం చూడండి అని చెప్పడానికి నాకు నోరు లేదు, ఆమెకు సాయంత్రం దాకా గొంతు లేదు.

ఒక రోజు మాత్రం పొద్దునే అట్లా అయింది. వల ఎత్తినాను. ఆమె పిలిచింది. హో… అని ఎత్తుకోగానే గాలి ముక్కులోంచి పోయింది, పగిలిన పిల్లనగ్రోవి ఊదినట్టు. బా… అనింది, అది బా కాదు, ఏదో. మంద తల ఎత్తింది. చెవులు ముందుకు పెట్టి చూసినాయి అన్నీ. ఆమెను చూసినాయి. చూసి మళ్లీ తల దించి మేసుకున్నాయి, పక్క మంద వాళ్ల పిలుపుకు చేసినట్టే. కరియ లేచి గుర్రుమని, వాసన చూసి సిగ్గుపడినట్టు తోక కాళ్ల మధ్య పెట్టుకుంది. ఆమె ఇంకోసారి పిలవలేదు. రాతి మీద కూర్చుంది. "నేనెవరో వాటికి తెలీలే మామా" అనింది. నేను ఆమె పక్కన నిలబడి ఉన్నాను. అప్పుడు అనాల్సింది ఏదో ఉంది. ఏ బాసలోనైనా సరే. పెదాల లోపలే ఆగింది. లేచి కర్రతో మందను మళ్లించుకొని వచ్చినాను, అదే నా జవాబు.

వేడియప్పా సామీ. కొండ కింద నీ రాతి ముందు మట్టి కుక్కల్ని పెట్టేది మేమే కదా, మంద కాయమని. నా మందను కాయొద్దు ఈ ఏడు, ఆమెను కాయి. పిల్లనొకదాన్ని ఇస్తాను అనుకోబోయి ఆగినాను, పాలు తాగే పిల్ల, దాని రొమ్ములో కూడా ఆ కండ ఉంటుంది, చిన్నచిన్న పాఠాలు చెప్పుకుంటూ. వద్దు. ఏమియ్యాలి మరి. నా దగ్గర ఏముంది. నా రొమ్ములోది తీసి పెట్టమని అడుగుదామనుకున్నాను డాక్టరుని, ఆమెది చెడితే నాది పెట్టండి, ఒకరి నోరే ఇద్దరం వాడుకున్నాం ఇన్నాళ్లు. నాకు తెలుసు, నాది ఎప్పుడో కొవ్వైపోయి ఉంటుంది. ముసలి గొర్రెను కోసినప్పుడు చూడలేదా.

ఈనిన గొర్రె పిల్ల చచ్చిపోతే, ఇంకోచోట తల్లి చచ్చిన పిల్ల ఉంటే, రెండింటినీ కలపడం హొన్నమ్మ పని. తల్లి దగ్గరకు పిల్లను వదిలితే కుమ్మి పారేస్తుంది, నాది కాదు పో అని. అందుకని చచ్చిన పిల్ల తోలు ఒలిచి, ఇంకా తడి ఉండగానే, బతికిన పిల్లకు చొక్కా తొడిగినట్టు తొడుగుతుంది. కాళ్లకు సందులు పెట్టి, మెడ దగ్గర నారతో కుట్టి. అప్పుడు తల్లి తోక కింద వాసన చూస్తుంది, అనుమానంగా ఒక అడుగు వెనక్కి వేస్తుంది, మళ్లీ చూస్తుంది. హొన్నమ్మ ఊపిరి బిగబట్టి కూర్చునేది వల పక్కన. నీదేనే, నీదేనే, చూడు బాగా, అని గొణిగేది. తల్లి గొంతులోంచి ఒక చిన్న శబ్దం వస్తుంది, పిల్లకు మాత్రమే చేసే శబ్దం. అప్పుడు లేచి చేతులు కడుక్కునేది. రోజుకు కొంచెం తోలు కోసేస్తూ పోతే ఆఖరికి తోలు లేకుండానే వాసన కలిసిపోతుంది. ఎన్ని పిల్లల్ని బతికించిందో ఆ చేతులతో. ఇప్పుడామె ఒంటిని ఆమె రక్తమే కుమ్మి పారేస్తోంది. ఏ తోలు తేవాలి నేను. దేన్ని ఒలిచి కప్పితే దానికి ఆమె వాసన తెలుస్తుంది. నీదేనే, చూడు బాగా. గాజు మీద నా ఊపిరి తగిలి మసకైంది, చొక్కా చేత్తో తుడిచాను.

తుడిచేసరికి వీపు పక్కకు జరిగి ఉంది. మొహం కనిపించింది. ఎంత చిన్నగా అయింది మొహం. ఎడమ రెప్ప సగం దిగి ఉంది, కుడిది తెరుచుకునే ఉంది. ఆమె పైన మిషను తెరలో గీతలు పరుగెత్తుతున్నాయి, నాకు అవేమీ తెలియవు, అముద మొహమే నాకు తెర. అముద తలుపు సరిగా మూయలేదు. లోపలి మాటలు వినిపిస్తున్నాయి.

"పాట్టీ, మాట్లాడండి. మీ ఇంటాయన పేరు చెప్పండి."

హొన్నమ్మ పెదాలు కదిలినాయి, మళ్లీ మూసుకున్నాయి.

"బయట నిలబడి ఉన్నారే తాత, ఆయన పేరేంటి పాట్టీ? గట్టిగా చెప్పండి."

లేదు. సదాశివం ముందుకు వంగి అదే అడిగినాడు, మెల్లగా, ఒక్కొక్క మాట విడదీసి. హొన్నమ్మ మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆయన తెర వైపు చూసినాడు. "మాట రావడం లేదు. మెడ కూడా నిలబడటం లేదు," అన్నాడు. "ఆలస్యం చేస్తే కష్టం. సిద్ధం చేయండి సిస్టర్." అముద అవతలి బల్ల దగ్గరకు నడిచింది. బల్ల మీద తెల్ల గుడ్డ. గుడ్డ కింద ఏముందో నాకు తెలుసు.

మెడ నిలబడక తిరిగిన మొహం కాదు అది. ఆ తిప్పడం నాకు తెలుసు. రేషను కొట్టువాడు ఇంటి పెద్ద పేరేంటమ్మా అంటే అట్లానే తిప్పుకునేది. ఊరంతటితో మాట్లాడే మనిషి, అక్కడ మాత్రం నోరు మూసుకొని మోచేత్తో నన్ను ముందుకు నెట్టేది, నువ్వే చెప్పుకో అని. తాళి కట్టినప్పటి నుంచి ఆ పేరు ఆమె నోట రాలేదు. పెళ్లిలో గడప దగ్గర ఆడవాళ్లు అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్తేనే దారి అంటే, చెప్పలేక ఎండలో అక్కడే కూర్చుండిపోయింది, చివరకు మా అమ్మ వచ్చి లోపలికి తీసుకుపోయింది. ప్రాణం పోయేటప్పుడైనా చెప్పదు. ప్రాణం పోయేటట్టే ఉంది ఇప్పుడు, ఒక పేరు చెప్పనందుకు, గొంతు పోయేటట్టుంది. వాళ్లకు తెలియదు. చెప్పాలి. ఎవరు చెప్పాలి. ఇటువంటివి చెప్పేది ఆమే కదా. గుడ్డ తీసింది అముద. మాట వచ్చింది నోటి దాకా, వచ్చి పెదాల దగ్గర నిలబడింది, ఇది ఇంటిదా బయటిదా, వెనక బల్ల నుంచి ముందు బల్ల దాకా నవ్వు, ఆడు అను, ఆడు, చెవి కాలుతోంది, వాసన చూడొద్దు ఈసారి, చూడొద్దు.

"చెప్పదు."

తలుపు నా చేతులతోనే తెరుచుకుంది. తెలుగే వచ్చింది. ఎవరికీ అర్థం కాలేదు, అందరూ నా వైపు తిరిగినారు. లోపలికి రాకూడదు అని ఎవరో అన్నారు. "ఆమె చెప్పదు," అన్నాను మళ్లీ, తమిళంలో. గొంతు నాది కాదు అనిపించింది. "నా పేరు ఆమె ఎప్పుడూ చెప్పలేదు. మాట రాక కాదు. అది మా ఇంట్లో చెప్పరు. ఇంకేదన్నా అడగండి. నా పేరు మాదప్ప. నేనే చెప్పినాను కదా, ఇంక అది వదిలేయండి."

అముద చేయి గొట్టం మీద ఆగింది. ఆమె సదాశివం వైపు చూసి, "నిజమే డాక్టర్. మా పాట్టి కూడా ఇంతే. మా తాత పేరు మురుగన్. పాట్టి గుళ్లో దేవుణ్ణి కూడా ఆ కొండమీదాయన అనే మొక్కుతుంది," అనింది. సదాశివం నవ్వలేదు. తెర వైపు చూసి, హొన్నమ్మ వైపు చూసి, "సరే తాతా. నాకు కావాల్సింది పేరు కాదు. ఒక్క ఊపిరితో ఎంతసేపు గొంతు నిలుస్తుందో వినాలి. మీరే అడగండి, తొందరగా," అన్నాడు.

మంచం పక్కకు పోయినాను. మందుల వాసన వెనక ఎక్కడో ఆమె వాసన ఉంది. వంగినాను. "హొన్నమ్మా. మందను పిలువు."

కుడి కన్ను నా మీదికి వచ్చింది. పెదాలు కదిలినాయి. "ఈడనా?" గాలి తొడుగు కింద, ఆకు రాలినంత.

"ఈడనే."

"నగుతారు మామా."

"నగనీ."

కన్ను మూసుకుంది. ఛాతీ మీద పట్టీల కింద ఎక్కడో ఏదో కదిలింది. హో… ముక్కులోంచి కాదు, గొంతులోంచే, కాని ఎండిన బావిలో ఖాళీ బొక్కెన గోడకు రాసుకున్నట్టు. బా… ఇంకొంచెం. బా… సాగింది. నేను కళ్లు మూసుకొని ఆమెతో నడిచినాను, వల దాటి, దోవలో తుమ్మచెట్టు దాటి, గట్టు ఇంకా దూరం ఉంది, తుమ్మ దాటి నాలుగడుగులు వేసినామో లేదో తెగింది. ఎవరూ కదలడం లేదు. ఆమె ఛాతీ అణిగి ఉండిపోయింది. నాది కూడా. ఎంతసేపో. అంత సేపూ నేను ఏ మొక్కూ మొక్కలేదు, నీదేనే అన్నాను, నీదేనే, చూడు బాగా. అప్పుడు పచ్చ దుప్పటి లేచింది, ఎవరూ నెట్టకుండా, ఏ మిషనూ ఊదకుండా. లేచి, తెగిన చోటి నుంచే మళ్లీ ఎత్తుకుంది, బా… అని, మొదటి నుంచి కాదు, తుమ్మ దగ్గర నుంచే.

సదాశివం చేయి పైకెత్తినాడు. అముద గొట్టాన్ని గుడ్డ మీద పెట్టింది. "చాలు పాట్టీ. చాలు, ఇంక మాట్లాడొద్దు," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇప్పటికి వద్దు. సాయంత్రం మళ్లీ చూస్తాను. సాయంత్రమే అసలు భయం, మీకు తెలుసు కదా," అన్నాడు. తెలుసు. ఆమె గొంతు మూతపడేది ఆ వేళకే. "అందాకా ఆమె ఒక్క మాట కూడా ఖర్చు పెట్టకూడదు. బెదిరితే ఊపిరి ఎగబోస్తుంది, ఒంటరిగా వదలొద్దు. ఈ పొద్దు మిమ్మల్ని లోపల ఉండనిస్తాను. పక్కన కూర్చొని మీరు మాట్లాడండి. సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉండండి తాతా."

స్టూలు ఇచ్చింది అముద. నా ముక్కుకు గుడ్డ కట్టింది. వాళ్లు అవతలి మంచం దగ్గరకు పోయినారు. కూర్చున్నాను. ఆమె కుడి కన్ను నన్నే చూస్తోంది, ఎడమ రెప్ప ఇంకొంచెం దిగినట్టుంది, లేదు, అంతే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి. ఇన్నేళ్లలో నా దగ్గర పోగుపడినవన్నీ ఆమె చెప్పినవే, వాటినే తిరిగి చెప్పాలా. పెదాల లోపల ఏదో వచ్చి నిలబడింది. వాసన చూడకుండా వదిలేశాను. "పొద్దున తిరుమలేశ్ ఫోను చేసినాడు," అన్నాను. "తెల్లమచ్చది ఈనింది. రెండు పిల్లలు. ఒకటి ఆడ, ఒకటి మగ. తల్లి నాకుతాండాదంట రెండింటినీ."

హొన్నమ్మ చూపుడు వేలు దుప్పటి మీద లేచింది. కాదు అన్నట్టు పక్కకు ఆడింది. తెల్లమచ్చది ఇప్పుడే ఈనదు, దానికి ఇంకా నెల ఉంది, ఆమెకు తెలుసు. అవును, తప్పు చెప్పినాను. ఈనింది కొమ్ము విరిగినది.

"సరి సరి," అన్నాను. "ముందు నుంచి చెప్తా, ఉండు."